ఆగ్నేయంలో దారి

బడి గంట మా వంటింట్లోకి వినిపిస్తుంది. గాలి ఇటు తిరిగితే పంతులమ్మ ఎవరి మీద కేకలేస్తోందో కూడా తెలిసిపోతుంది. మా ఇంటి ముందు కార్లు తిప్పుకోవడానికి గుండ్రంగా కొంత జాగా, దాని అవతల గోడ, గోడకి ఆనుకుని బడి. ఇంత దగ్గరున్న బడికి మా అమ్మాయిని పంపాలంటే రోజూ కారు తియ్యాల్సి వచ్చేది.

ఐర్లండ్‌కి వచ్చి ఈ ఎన్నిస్ ఊళ్లో ఇల్లు కొన్న కొత్తలో నాకిది నమ్మబుద్ధి కాలేదు. గోడకి చిన్న గేటైనా లేదేమిటని పక్కింటి పెద్దావిణ్ణి అడిగాను. భర్త పోయాక ఒంటరిగా ఉంటున్న ఐరిష్ ఆవిడ. చక్రాల సంచి లాక్కుంటూ చర్చికీ కొట్టుకీ నడిచే వెళ్తుంది. "ఎప్పుడూ లేదమ్మా, చుట్టూ తిరిగి పోవడమే," అంది. ఇక్కడ ఇళ్ల కాలనీని ఎస్టేట్ అంటారు. లోపలికీ బయటికీ ఒకటే దారి, చుట్టూరా గోడ. కారున్నవాళ్లకి అదో దూరం కాదు. నడిచేవాళ్లు మాత్రం ఎస్టేట్ మొత్తం దాటి, పెద్ద రోడ్డెక్కి, రౌండబౌట్ చుట్టి వెనక్కి రావాలి. ఈ బొమ్మ గీసిన మహానుభావుడు జన్మలో ఎప్పుడైనా కాళ్లతో నడిచాడా అని నేను తిట్టుకోని రోజు లేదు.

మా అమ్మాయి నెలలు నిండకుండా పుట్టింది. కాళ్ల కండరాలు బిగుసుకుని ఉంటాయి. మోకాళ్ల కిందిదాకా కాళ్లని నిటారుగా పట్టే స్ప్లింట్లు, ముందు చక్రాల వాకర్. నడక నెమ్మదే కానీ నోరు మాత్రం గాలి కంటే జోరు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి క్లేర్ జిల్లా యాసలో ఇంగ్లీషే. నాలుగో క్లాసులోకి వచ్చాక దానికి ఒకటే పంతం పట్టుకుంది, బడికి నడిచి వెళ్లాలి, అదీ ఒక్కర్తే.

"మమ్మీ, మిగతావాళ్లందరూ నడిచే వెళ్తారు. నన్ను మాత్రం పార్సిల్‌లాగా డెలివర్ చేస్తారు," అంది ఓ రోజు ఇంగ్లీషులో.

ఆ మాట నాకు గుచ్చుకుంది. సరే పదవే, చూద్దాం అని ఓ శనివారం పొద్దున ఇద్దరం బయల్దేరాం. మా సందు చివరికి వచ్చేసరికే చివరింటాయన వ్యాను, ఎదురింటి అమ్మాయి కారు, అన్నీ రెండేసి చక్రాలు ఫుట్‌పాత్ మీదకి ఎక్కించి ఉన్నాయి. రోడ్డుకి అడ్డం కాకూడదని మర్యాదట! వాకర్ పట్టదు. దిగాలి, మళ్లీ ఎక్కాలి. అంచు దగ్గర వాలు లేని చోట వాకర్‌ని నేను ఎత్తి పెట్టాలి, దాని చెయ్యి గోడకి ఆనించాలి. అలా పడుతూ లేస్తూ పెద్ద రోడ్డెక్కాం. అక్కడ ఫుట్‌పాత్ అయిపోయింది. సన్నబడటం కాదు, పాడైపోవడం కాదు, అయిపోవడం. ముందు గడ్డి, గడ్డి పక్కన తెల్ల గీత, గీత పక్కన గాలిని కోసుకుంటూ పోయే లారీలు. ఓరి దేవుడో అన్నాను పైకే. ఒక లారీ మమ్మల్ని రాసుకున్నంత దగ్గరగా పోయింది, ఆ గాలికి పిల్ల ఊగిపోయింది. డ్రైవరు స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తి నవ్వుతూ పలకరించి మరీ పోయాడు. ఈ ఊళ్లో ఎదురైన ప్రతి మనిషినీ అలా పలకరిస్తారు. నేను వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. పిల్ల మాత్రం వెనక్కి తిరుగుతూ, "డ్రైవర్‌ని తిట్టకు మమ్మీ, దారే లేదుగా," అంది ఇంగ్లీషులో.

ఆ ఏడాదే కౌన్సిల్ వాళ్లు మా గోడలో దారి తెరుద్దామని ఆలోచన చేశారు. కారు పట్టదు, మనుషులకీ సైకిళ్లకీ చక్రాల కుర్చీలకీ మాత్రమే. ఇంకేం, నేనూ పక్కింటి పెద్దావిడా నడుం కట్టాం. షానన్‌లో ఆఫీసు నుంచి రావడం, ఇంత తిని ఇల్లిల్లూ తిరగడం. కొందరు టీ ఇచ్చారు, కొందరు తలుపు సగమే తీశారు. ఇంటికొచ్చి అన్నీ మా ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పేదాన్ని. ఆయన లిమరిక్‌లో ఓ ఆస్పత్రిలో మత్తు డాక్టరు. విని, "ఊఁ, చూద్దాంలే," అనేవాడు. అలిసిపోయి వచ్చాడు పాపం అనుకునేదాన్ని, నా పిచ్చిగానీ.

మీటింగు బడి హాల్లోనే పెట్టారు. నేనూ, మా ఆయనా, పిల్లా ముగ్గురం వెళ్లాం. కౌన్సిల్ ఇంజినీరు నడివయసు ఐరిష్ ఆవిడ, గోడకి పెద్ద ప్లాను అంటించింది. ఎస్టేట్ గోడలో ఎక్కడ తెరుస్తారో అందులో ఎర్ర గీత గీసి ఉంది. మెట్లుండవు, అంచులుండవు, చూపు లేనివాళ్ల కాలికి తెలిసేలా గరుకు పలకలు, అవతల రోడ్డు దాటే చోట కార్లు తప్పక నెమ్మదించేలా ఎత్తు చేస్తాం అని ఒక్కొక్కటీ వివరించింది. జనం ఊరుకుంటారా? కుర్రాళ్లు గుమిగూడతారన్నారు, దొంగలకి దారి అవుతుందన్నారు, పిల్లల్ని దింపే కార్లన్నీ మా ఇళ్ల ముందే ఆపుతారన్నారు. చివరి వరసలో, ఫుట్‌పాత్ మీదకి వ్యాను ఎక్కించే ఆ చివరింటాయన గొంతు అందరికంటే పెద్దది. అప్పుడు మా పక్కింటావిడ లేచి, "నేను పెద్ద రోడ్డు మీద గడ్డిలో నడుస్తున్నాను, ఎప్పుడో ఓ రోజు మీలో ఒకరి కారు కిందే పడతాను," అని కూర్చుంది. కొందరు తలలూపారు. గాలి మావైపు తిరిగిందని నాకు తెలిసిపోయింది.

సరిగ్గా అప్పుడు మా ఆయన చెయ్యెత్తాడు.

నేను మురిసిపోయాను. అబ్బ, ఇన్నాళ్లకి నోరు విప్పుతున్నాడు అని ఫోను తీసి వీడియో కూడా మొదలుపెట్టాను. ఆయన లేచి, గొంతు సవరించుకుని, రోగి బంధువులతో మాట్లాడే ఆ మెత్తటి గొంతుతో అన్నాడు. "నా కూతురికి నడవడంలో ఇబ్బంది ఉంది. ఆమె తండ్రిగా చెబుతున్నాను. ఈ దారి సరిగ్గా మా ఇంటి ముందుకి తెరుచుకుంటోంది. మాకు సెక్యూరిటీ భయం ఉంది. దీన్ని నేను ఒప్పుకోను."

చప్పట్లు! వ్యాను ఆయనైతే లేచి నిలబడి కొట్టాడు. "సొంత తండ్రికే వద్దట, ఇంకేముంది!" అన్నాడెవరో. నా చేతిలో ఫోను అలా వీడియో తీస్తూనే ఉంది. పక్కింటావిడ నావైపు చూసింది, ఆ చూపుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిల్ల తండ్రి వంక చూడలేదు. గోడ మీది ఎర్ర గీత వంకే చూస్తూ కూర్చుంది. ఇంజినీరు కాగితాలు సర్దుకుంటూ, అందరి అభిప్రాయాలూ రాసుకున్నాం, ప్రస్తుతానికి పక్కన పెడతాం అంది.

ఇంటికొచ్చి పిల్లని దాని గదిలోకి పంపి వంటింటి తలుపు వేశాను.

"ఏమిటండీ అది? మతి ఉండే మాట్లాడారా?"

"అరవకు."

"అరుస్తాను! ఊరంతా తిరిగి ఒక్కొక్కళ్లనీ బతిమాలి ఒప్పించాను నేను. సెక్యూరిటీనా? బడి పిల్లలొచ్చి మన బీరువా బద్దలుకొడతారా? ఇంట్లో చెప్పొచ్చుగా, నాకు ఇష్టం లేదని? అందరి ముందూ నా పరువు తీస్తారా?"

ఆయన కడిగి బోర్లించిన కప్పే తీసి మళ్లీ కడిగాడు. కడిగిందాన్నే తుడిచి, ఇక్కడి వాళ్లు ప్రెస్ అనే గోడ అల్మరాలో పెట్టి, తలుపు వేసి, నా వైపు తిరక్కుండానే అన్నాడు. "అది ఆగ్నేయం."

"ఏది?"

"ఆ గీత. మనది తూర్పు ముఖం ఇల్లు. ఆ దారి వచ్చి సరిగ్గా తూర్పు ఆగ్నేయానికి కొడుతోంది. వీధి పోటు."

నాకు ఒక్క క్షణం నవ్వొచ్చింది, నిజం. వీధి పోటంటే నాకు తెలియక కాదు. దారి ఎదురుగా వచ్చి ఇంటికి తగిలి ఆగిపోతే, ఈశాన్యం వైపు తగిలితే వీధి చూపంటారు, మంచిదంటారు. తూర్పు ఆగ్నేయం, నైరుతి తగిలితే పోటంటారు, చెడ్డదంటారు. స్థలం కొనేటప్పుడు మా నాన్న కూడా చూశారు. కానీ రోజంతా ఆపరేషన్ థియేటర్లో మిషన్లు చూసుకుంటూ మనుషుల ఊపిరి కాసే మనిషి, అందరి ముందూ లేచి, కన్నకూతురి దారికి అడ్డం పడింది ఇందుకా?

"మీరు డాక్టరండీ," అన్నాను.

"అవును. దాని మెదడు స్కాన్ నేనే చూశాను. ఎక్కడ దెబ్బ తగిలిందో, ఎందుకు తగిలిందో ఎవరడిగినా చెబుతాను. అదంతా నాకు తెలుసు." ఆగి, "క్లాండాల్కిన్ ఇల్లు గుర్తుందా?" అన్నాడు.

ఎందుకు గుర్తుండదు? నేను కడుపుతో ఉన్నప్పుడు డబ్లిన్ దగ్గర అద్దెకున్న ఇల్లు. అప్పటి నా ఆఫీసుకి దగ్గరని నేనే ఏరి కోరి తీసుకున్నాను. ఎదురుగా తిన్నని దారి, వచ్చే కార్ల లైట్లన్నీ మా హాల్లో పడేవి.

"నైరుతి పోటు. ఫోటోలు పంపితే మా ఊరి సిద్ధాంతిగారు వెంటనే ఖాళీ చెయ్యమన్నారు, కడుపులో బిడ్డకి మంచిది కాదన్నారు. లీజు మధ్యలో ఎక్కడికి పోతాం, ఇవన్నీ ఎవడు నమ్ముతాడులే అని నేనే కొట్టిపారేశాను. తరవాత ఏమైందో నీకు తెలుసు."

ఈ మనిషితో ఇన్నేళ్లు కాపరం చేశాను. పిల్లకి స్ప్లింట్లు కట్టేటప్పుడు, ఫిజియోథెరపీకి తీసుకెళ్లేటప్పుడు, అది మొదటిసారి నాలుగడుగులు వేస్తే ఇద్దరం ఏడ్చినప్పుడు, అప్పుడన్నీ ఈయన మనసులో ఆ ఇల్లు ఉందా?

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆ ఇల్లు నువ్వు చూసింది. చెబితే నీ మీద పెట్టినట్టు ఉంటుంది." ఆయన అల్మరా తలుపు మళ్లీ తీసి, మళ్లీ వేశాడు. "ఒకసారి వినకుండా ఊరుకున్నాను. రెండోసారి నా వల్ల కాదు. పిల్ల రోజూ నడవాల్సిన దారి..."

కోపం వచ్చింది, జాలీ వచ్చింది, ఏది ముందో చెప్పలేను. వెర్రి మనిషీ, అంత భయముంటే ఆ మాటే చెప్పొచ్చుగా, సెక్యూరిటీ అని ఆ అబద్ధమెందుకు అని కడిగేద్దామని నోరు తెరిచాను. తలుపు కిర్రుమంది. వాకర్ పట్టుకుని పిల్ల నిలబడి ఉంది.

"ఏం లేదమ్మా, నువ్వెళ్లి చదువుకో," అన్నాడాయన కంగారుగా.

"నాకు తెలుగు తెలుసు నాన్నా," అంది.

తెలుగులో అంది. పుట్టి బుద్ధెరిగాక దాని నోట అంత పూర్తి తెలుగు వాక్యం వినడం అదే. ఇంకేం అడగలేదు, వాకర్ తిప్పుకుని వెళ్లిపోయింది. ఆ తరవాత బడికి వెళ్లేటప్పుడు కారులో తండ్రితో మాట్లాడటం మానేసింది. అడిగిన దానికల్లా "గ్రాండ్" అనేది. ఈ ఊళ్లో ఆ మాటకి బాగానే ఉన్నానని అర్థం, ఇంక నన్ను కదపకు అని కూడా అర్థం.

ఆ నిశ్శబ్దం భరించలేక చివరికి ఆయనే దిగొచ్చాడు. "ఇంజినీరుకి ఏం చెప్పమంటావు?" అన్నాడు. "నిజం చెప్పండి. మీ నోటితోనే చెప్పండి," అన్నాను. ఫోను చేస్తే ఆవిడ గోడ దగ్గరికే వస్తానంది.

మా ఇంటి ముందు జాగాలో నిలబడి, చెవులు ఎర్రబడిపోతుంటే, దిక్కులు చేత్తో చూపిస్తూ మొత్తం చెప్పాడు. క్లాండాల్కిన్ ఇల్లు కూడా దాచలేదు. ఆవిడ నవ్వుతుందేమోనని నేను పళ్లు బిగించి ఉన్నాను, నవ్వితే ఊరుకునేదాన్ని కాదు కూడా. ఆవిడ నవ్వలేదు. "మా నానమ్మ పొలం మధ్యలో ఒంటరి ముళ్లచెట్టు ఉండేది. అది దేవతలదని, కొడితే కీడని మా తాత ట్రాక్టరు దాని చుట్టూ తిప్పుకుంటూ పోయేవాడు," అంది. తరవాత గోడ వెంట నడిచి చూసింది. "ఎంత జరపాలి?"

"ఒక కారు పొడవంత. ఉత్తరం వైపు. అప్పుడది తూర్పు ఈశాన్యం," అన్నాడాయన.

"అంతేనా? అక్కడ పైపులు కూడా లేవు. గ్రాండ్. అది కాగితం మీద గీత, జరిపేస్తాను."

అంతేనా! నెలల తరబడి పడ్డ పాట్లు, ఆ మీటింగు, ఆ చప్పట్లు, పిల్ల మౌనం, ఇదంతా ఒక కారు పొడవా? ఆవిడ ఫైలు మూసి, మెల్లగా అంది. "గీత జరపగలను. కానీ హాల్లో మీరన్న మాట నేను జరపలేను. దాని తరవాత వచ్చిన అభ్యంతరాలన్నీ మీ మాటే చెబుతున్నాయి. ఆ పిల్ల తండ్రికే భయమైతే మాకు కాదా అని."

ఆ శని, ఆదివారాలు మా ఆయన ఇల్లిల్లూ తిరిగాడు. నేను తోడు రానన్నాను. పిల్ల మాత్రం ఏమీ అనకుండా వాకర్ తీసుకుని వెనకాలే బయల్దేరింది. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ప్రతి గుమ్మం ముందూ ఆయన చేతులు దిక్కులు చూపిస్తున్నాయి, పిల్ల పక్కన నిలబడి వింటోంది. కొందరు నవ్వారట. ఒకాయన తలుపు వేసేశాడట. వ్యాను ఆయన మాత్రం మొహం మీదే అడిగాడట, "నీ మాట విని మా ఆవిడకి రాత్రిళ్లు నిద్ర లేదు. అలారం పెట్టించాం. ఇప్పుడొచ్చి దొంగల భయం కాదు, దిక్కుల భయం అంటావా?" అని. మా ఆయన, "అవును, నాదే తప్పు," అన్నాడట. చివరికి ఆ వ్యాను ఆయన పిల్లని చూసి, "నువ్వేమంటావు?" అన్నాడట. "నాకు బడికి నడిచి వెళ్లాలని ఉంది," అందట ఇది. ఆ సాయంత్రం ఆయన వ్యాను ఫుట్‌పాత్ దిగింది. ఇప్పటికీ మా ఆయనతో మాట్లాడడనుకోండి.

చాలామంది అభ్యంతరాలు వెనక్కి తీసుకున్నారు, గీత జరిపి దారి తెరిచారు. చదునుగా, వెడల్పాటి దారి, కార్లు దూరకుండా మధ్యలో రెండు స్తంభాలు, పక్కన ఓ దీపం. చక్రాల సంచితో పక్కింటావిడే అందరికంటే ముందు అవతలికి వెళ్లొచ్చింది. వచ్చి మా గేటు దగ్గర నన్ను కావలించుకుని ఏడ్చింది, ఇక్కడి వాళ్లు అలా ఏడవగా నేను చూడలేదు.

మర్నాడు సోమవారం. అమ్మాయి స్ప్లింట్లు తనే కట్టుకుంది, బ్యాగు వాకర్‌కి తగిలించుకుంది. గేటు దాకా ఇద్దరం వెళ్లాం. ఇక మీరు రావద్దు అని చేత్తోనే ఆపేసింది. మా ఆయన వంగి దాని కోటు గుండీ పెట్టాడు. అప్పుడే అడిగింది అది, ఇంగ్లీషులోనే, చాలా మామూలుగా.

"డాడీ, వాళ్లు దారి జరపలేదనుకో. మొదట గీసిన చోటే తెరిచారనుకో. అప్పుడు నన్ను పంపేవాడివా?"

పంపేవాణ్ణి తల్లీ అంటాడని ఎదురుచూశాను. అనెయ్యండి, ఒక్క మాట, అబద్ధమైనా సరే అని మనసులో వేడుకున్నాను కూడా. ఆయన గుండీ వదల్లేదు.

"లేదు," అన్నాడు.

అది తండ్రి మొహంలోకి కాసేపు చూసింది. కోపం లేదు, ఏడుపు లేదు.

"గ్రాండ్," అంది. "అయినా నేను వెళ్లేదాన్ని."

వాకర్ ముందుకు తోసింది. వెనక్కి తిరిగి చూడలేదు. గుండీ పెట్టిన చెయ్యి అలా గాల్లోనే ఉంచుకుని మా ఆయనా, పక్కన నేనూ, అది గోడ దాటేదాకా నిలబడ్డాం.